మంచినీళ్లు పోసిన పెట్టె

పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటరు ఆన్ చేస్తే, తెర మూలన తేదీ తొమ్మిదేళ్లు వెనక్కి పోయి ఉంది. శ్రీకాకుళంలో మెకానిక్‌కి ఫోన్ చేశాను. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుందనీ, అది అయిపోతే పెట్టెకి ఇవాళ ఏ రోజో తెలియదనీ, కొత్తది కొని మీరే వేసుకోవచ్చనీ చెప్పాడు. రిటైరైన మనిషిని, నాకు మాత్రం వేరే పనేముంది? బజారుకెళ్లి బిళ్ల తెచ్చి, స్క్రూడ్రైవరు కోసం అటక మీది బిస్కెట్ల డబ్బా దింపాను. అందులో నూనెగుడ్డలో చుట్టిన రంగుల బ్రష్షు ఒకటి కనబడింది. అది మా మావది, అంటే మా అమ్మ తమ్ముడిది.

మావ పడవ ఇంజను మనిషి. మోకాళ్లు మొరాయించి వేట మానేశాక, భార్య కూడా పోయి ఒంటరిగా ఉన్నవాణ్ణి నేనే తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. నేనేదో ఉద్ధరించానని కాదు, పెళ్లీ పెటాకులూ లేని దాన్ని, నాకూ ఇంట్లో ఒక మనిషి అలికిడి కావలసి వచ్చింది. ఇల్లు సముద్రానికి కూతవేటు దూరం. నేను ఉద్యోగానికని పొద్దున్నే ఎచ్చెర్ల బస్సెక్కితే మళ్లీ సాయంత్రానికే రావడం. పగలంతా ఆయనకి తోడు నా కంప్యూటరే. దాన్ని వాడటం ఆయనకి రాదు, చూసుకోవడం మాత్రం నాకంటే బాగా వచ్చు. పాత పంచె చింపి ముసుగు కుట్టాడు. నెలకోసారి పక్క రేకు విప్పి, పడవలకి రంగులేసే ఈ బ్రష్షుతోనే ఫ్యాను రెక్కల మీది దుమ్ము దులిపేవాడు. వేపుడు చేప తిన్న చేత్తో నేను కీబోర్డు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. సాయంత్రం ఆరయితే, పని ఉన్నా లేకపోయినా పది నిమిషాలు ఆన్ చేసి ఎదురుగా కూర్చునేవాడు. కరెంటు దండగ మావా అంటే, "ఇంజను తిప్పకుండా ఒగ్గీస్తే పట్టీస్తాదే" అనేవాడు, వాడకుండా వదిలేస్తే బిగుసుకుపోతుందని ఆయన భయం.

ఆ పెట్టెలో నా పరిశోధన ఉండేది. నడివయసు దాటాక తలకెత్తుకున్న పని. పడవ మీద జాలర్లు వాడే మాటలన్నీ పోగేస్తున్నాను. ఏ గాలికి ఏ పేరు, వల రాతికి తగులుకుంటే ఏమంటారు, అలాంటివి. సగానికి పైగా మావ చెప్పినవే. రాత్రి అన్నాల దగ్గర ఆయన చెప్పడం, నేను టైపు చేయడం, అలా మూడేళ్లు.

ఒక తుఫాను వెళ్లాక నాలుగు రోజులు ఒకటే ఉప్పు గాలి. తలుపు గడియలు కూడా జిగటగా అంటుకుంటున్నాయి. మా వాళ్లకి ఒక అలవాటు ఉంది. ఉప్పు తగిలిన వస్తువు ఏదైనా సరే, పడవ మోటారు కానీ కత్తి కానీ, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. నేను బస్సెక్కి వెళ్లగానే మావ పెట్టెని పెరట్లోకి మోసి, రేకు విప్పి, మంచినీళ్లు నాలుగు చెంబులు పోశాడు. మధ్యాహ్నం దాకా ఆరబెట్టి, ఆరింటికి ఎప్పటిలాగే ఆన్ చేశాడు.

నేను వచ్చేసరికి ఇల్లంతా కమురు వాసన. "ఎండలో ఎట్టనేదే, నీడలోనే ఆరబెట్టినాను" అన్నాడు మావ. పెట్టె విప్పి చూసిన మెకానిక్, "ఏటండీ మేడమ్, దీనికి తానం సేయించీసారా?" అన్నాడు. ఇప్పుడైతే నవ్వొస్తోంది. ఆ రోజు మూడేళ్ల మాటల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "నీ సేతులు పడవకే పనికొస్తాయి మావా, ఇంటికి పనికిరావు" అనేశాను. మర్నాడు మావ పాతపట్నంలో కాపురమున్న తన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం విడిచి ఉండనివాడు, ఉప్పు గాలన్నదే తగలని ఊరికి వెళ్లాడు.

నేను పాత పెట్టెలోనే కొత్త బోర్డు వేయించుకున్నాను. శ్రావణంలో మావ ఫోన్ చేశాడు. "మిసను నడస్తందా?" అని అడిగాడు. నడుస్తోందన్నాను. "రోజూ తిప్పుతుండు, ఒగ్గీకు" అని, "ఆ మాటలన్నీ మల్లీ సెప్తానే, రాసుకో" అన్నాడు. ఇప్పుడు తీరిక లేదులే మావా అన్నాను. తీరిక లేక కాదు, పంతం. ఇంటికి రమ్మని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? దసరా సెలవుల్లో వెళ్లి తీసుకొద్దామనుకున్నాను. దసరాకి ముందే కబురొచ్చింది.

ఇవాళ ఆ బ్రష్షుతోనే దుమ్ము దులిపి, కొత్త బిళ్ల వేశాను. తెర మీద తేదీ ఇంకా ఆ బోర్డు తయారైన ఏడాదిలోనే, మావ వెళ్లిపోయిన ఏడాదిలోనే ఉంది. బాణం గుర్తు నొక్కుతూ ఒక్కో నెలే దాటించాను. ఆ శ్రావణం ఒక నొక్కుకి వెళ్లిపోయింది, ఆ దసరా ఇంకో రెండు నొక్కులకి. తరవాత ఖాళీ ఫైలు తెరిచి, మావ చెప్పిన మాటలు గుర్తున్నంత వరకు రాద్దామని కూర్చున్నాను. పదకొండు వచ్చాయి. పన్నెండోది నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెట్టెకి ఇవాళ్టి తేదీ తెలిసింది. "రాసుకో" అన్న మనిషికి "సెప్పు మావా" అనడానికి నేను మాత్రం తొమ్మిదేళ్లు ఆలస్యంగా కూర్చున్నాను.