పళ్లెం మీద అడ్డం పెట్టిన చెయ్యి

నిన్న మధ్యాహ్నం పప్పుచారు వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఇంకో గరిటె పోయబోతే కోడలు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. గాజులు స్టీలు అంచుకు తగిలి చిన్నగా మోగాయి. ఆ చప్పుడుకు నాకు ఎస్తేరు గుర్తొచ్చింది.

పటేల్‌గూడలో మా పైగదిలో కిరాయికి ఉండేది ఎస్తేరు. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పని. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఇంట్లోనే తినేది. సన్నటి మనిషి, కొంచెం తినగానే చెయ్యి అడ్డం పెట్టేది. నేను వింటేనా! "నీ చెయ్యి మాట ఎవలింటరు చెల్లె!" అంటూ వేళ్ల సందుల్లోంచైనా వడ్డించేదాన్ని.

ఆ ఏడాది నా వేళ్ల కీళ్లు వాచాయి. తెల్లారితే పిడికిలి మూసుకోదు. కీళ్లవాతమని డాక్టరు గోలీలు రాశాడు. మా ఆడబిడ్డ వచ్చి, "అవి ఒంట్ల ఉన్న బలాన్ని తగ్గిస్తయంట వదినా, బందు పెట్టు" అంది. బందు పెట్టి, బలానికని లేహ్యం తిన్నాను. చివరికి జొన్నరొట్టె తట్టడానికి కూడా చేతులు రాలేదు. ఇక ఈ చేతులెందుకని పొయ్యి ముందే ఏడ్చాను.

ఆ ఆదివారం ఎస్తేరుకు ఈ సంగతి చెబుతూ, ధ్యాస లేక, గోరువెచ్చని పప్పుచారు ఆమె చేతి మీదే పోసేశాను. నేను కంగారు పడుతుంటే ఆమె వేళ్లు నాకుతూ నవ్వింది.

"గిట్లనే అయితున్నదక్కా నీ ఒంట్ల."

"ఏంది, పప్పుచారు పోస్తున్నరా?"

"కాదక్కా. ఒంట్ల రోగంతోని కొట్లాడే కణాలుంటయ్. గిది తయారుచెయ్యి, గది తయారుచెయ్యి అని వాటి లోపట కబుర్లు పోతుంటయ్. చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏలని ఉంటయ్, అవి సొంతంగ ఏం వండవు. ఆ కబురు మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇగ చాలు అంటయ్. అవి సరిగ్గ పనిచెయ్యకుంటే కొట్లాట ఆగక సొంత కీళ్ల మీదనే పడొచ్చు. నీకు బలం తక్కువ కాలేదక్కా, చాలు అనేటోళ్లు తక్కువైన్రు."

"మరి ఆ చేతులనే గోలీల పెట్టి ఇయ్యరాదు?"

"ఇంక ఎతుకుతున్నరు. నీ రోగానికి గా మందు ఇంక రాలే. అందాక డాక్టరు గోలీలే ఆ కొట్లాటను తగ్గియ్యాలె. జెర నా మాట ఇను. నీ రొట్టె లేకుంటే అది ఆదివారమే కాదు నాకు."

మర్నాడు సెలవు పెట్టి తనే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన తిడుతుంటే నా బదులు ఆమే తల వంచుకుని విన్నది. కొన్ని నెలలకు నా చేతి కింద రొట్టె మళ్లీ గుండ్రంగా తిరిగింది. మొదటిది ఆమెకే పెట్టాను. తర్వాత వేరే ఊళ్లో పని దొరికి ఎస్తేరు వెళ్లిపోయింది.

వేళ్లు ఇప్పటికీ కొంచెం వంకరే. గోలీ మాత్రం మరువను. నిన్న కోడలు చెయ్యి అడ్డం పెట్టగానే, "ఒక్క గరిటె" అన్న మాట నోటిదాకా వచ్చింది. గరిటెను మళ్లీ గిన్నెలోకే దించాను.

కోడలు వింతగా చూసింది. "ఏందత్తమ్మా, బతిమాలవా?"

"చాలన్నవు గద బిడ్డా," అన్నాను.