బ్రోండాల్ తూటాలకు సెవ్దా పూచీ

బట్టల ఫ్యాక్టరీ మూతపడేదాకా సెవ్దా అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసేది. తుపాకీ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. తండ్రి వదిలిపోయిన పాత వేట తుపాకీని నాలుగుసార్లు విప్పి చెడగొట్టి, ఐదోసారి సరిగ్గా బిగించింది. పదేళ్లు తిరిగేసరికి రొడోపి కొండల్లో ఆ చుట్టుపక్కల ఎవరి తుపాకీ మొరాయించినా ఆమె కొట్టుకే తెచ్చేవారు.

ఆ యేడు ఆమె ఊరి వేటగాళ్ల సంఘం చేత పాత తూటాలు మాన్పించి, బ్రోండాల్ అనే విదేశీ రకం కొనిపించింది. వాటికి బయట ఎంత పేరుందో ఆమె పట్టించుకోలేదు. వేర్వేరు పెట్టెల్లోంచి ఇరవై తూటాలు తీసి నగల త్రాసులో తూచింది. తేడా దాదాపు లేదు. వంద మీటర్ల దూరంలో కాగితం పెట్టి ఐదు కాలిస్తే, ఐదు రంధ్రాలూ ఒక అగ్గిపెట్టె కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. "వీటికి నేను పూచీ" అంది. ఆ మాట మీద ముప్ఫై మంది కొన్నారు.

అడవిపంది వేట మొదలైన తొలి శనివారమే సంఘం పెద్ద కరంఫిల్ తుపాకీ మొండికేసింది. మొదటి గుండు గురి తప్పింది. రెండోది ఎక్కించడానికి ఎంత లాగినా తుపాకీ బోల్టు వెనక్కి రాలేదు. ఈలోగా పంది అతని వేటకుక్క డొక్క చీల్చేసింది.

ఆదివారం పొద్దున్నే తుపాకీనీ, మిగిలిన పెట్టెలనూ ఆమె బల్ల మీద పడేశాడు.

"ఇదేనా నీ పూచీ, అమ్మాయ్? పదమూడు కుట్లు పడ్డాయి నా కుక్కకి!"

"బతుకుతుందా, మామా?"

"దానికేం, నాకంటే మొండిది. సాయంత్రం సంఘం కూర్చుంటుంది. ఈ చెత్త వెనక్కి పంపేస్తాం. ఇకమీదట తుపాకీ పని కూడా పట్నంలోనే చేయించుకుంటాం."

సంఘం పోతే సెవ్దాకు కొట్టు లేదు. అయినా ఆమె వాదనకు దిగలేదు. ఇరుక్కున్న ఖాళీ తూటాను బోల్టుతో సహా బయటికి లాగి, కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఇత్తడి మీద అక్కడక్కడా నల్లటి జిగురు అంటుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మామా, ఇందులో ఏం వేయించావ్?"

"వేళాకోళమా?"

"మాడిన కొవ్వు వాసన వస్తోంది."

కరంఫిల్ మెడ ఎర్రబడింది. పోయిన యేడు మొదట పడిన పంది కొవ్వును సీసాలో దాచి, కొత్త వేట తొలిరోజున తూటాలన్నిటికీ పూయడం అతని తాత పెట్టిన ఆనవాయితీ. సంఘంలో అందరూ పాటించేదే.

"నలభై యేళ్లుగా పూస్తున్నాం. పాత తూటాలు ఏనాడూ ఇరుక్కోలేదే!"

"అవి కాస్త సన్నం. లోపల వదులుగా కూర్చునేవి, ఎంత మురికి పేరుకున్నా సందు ఉండేది. ఇవి సరిగ్గా కొలతకి చేసినవి మామా, మీ తాత పూసిన కొవ్వుకి ఇందులో చోటు లేదు."

"మా తాత జోలికి రాకు!"

"రాను. నువ్వే చూసుకో."

ఇత్తడి బ్రష్షును కిరోసిన్‌లో ముంచి అతని చేతికే ఇచ్చింది. తూటా కూర్చునే చోట అతను రుద్దినకొద్దీ బెరడులాంటి నల్లటి పొర ఊడి వచ్చింది. నాలుగు గుడ్డలు మసైపోయాక ఐదోది తెల్లగా వచ్చింది. అతని పెట్టెల్లోని తూటాలనే పొడిగుడ్డతో తుడిచి, ఇద్దరూ ఊరి బయట పాత రాతి క్వారీకి వెళ్లారు.

కరంఫిల్ ఐదూ గబగబా కాల్చాడు. ప్రతిసారీ బోల్టు నూనె రాసిన సొరుగులా వచ్చింది. కాగితం దగ్గరికి నడిచి వెళ్లి, రంధ్రాల మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"సాయంత్రం ఇది నువ్వే చెప్పు" అన్నాడు.

"నేను చెబితే సరుకు అమ్ముకోడానికంటారు. కొవ్వు సీసా మీది, నువ్వే చెప్పాలి."

సాయంత్రం సంఘం గదిలో కరంఫిల్ ఒక గుక్క రకియా సారా తాగి లేచాడు. "తప్పు తూటాది కాదు. మనది. మా తాతది కూడా" అన్నాడు. "అయితే నీ కుక్కకి ఆ కుట్లు మీ తాతే వేయించాడన్నమాట!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరికంటే ముందు కరంఫిలే నవ్వాడు.

మర్నాడు సెవ్దా కొట్టు ముందు ముప్ఫై మంది తుపాకులతో నిలబడ్డారు. బల్ల మీద పెట్టిపోదామని ముందున్నవాడు చేయి చాచాడు.

"పెట్టొద్దు బాబూ, పట్టుకో" అంటూ సెవ్దా అతని చేతిలో బ్రష్షు పెట్టింది. "కొవ్వు పూసిన చేతులే తోమాలి. ఐదో గుడ్డ తెల్లగా వచ్చాక నాకు చూపించు."