గాలికి ఎదురు నిలబెట్టిన కృష్ణమ్మ

"మా అవ్వను గాలికి ఎదురు నిలబెట్టిండు బిడ్డా! గట్ల ఎవలన్న తూర్పార పడతరా? తాలంత కండ్లల్ల పడదా?"

సూర్యాపేట మార్కెట్ యార్డు గోడ ముందు మైసమ్మ చాట చంకన పెట్టుకుని నా పక్కన నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుగా ఆమె ఇక్కడ చాట కూలి. రైతులు తెచ్చిన వడ్లను గాలికి పోసి తాలూ దుమ్మూ తీసే పని. ఫ్యాన్లు వచ్చినా చిన్న కుప్పలు ఇంకా ఆమె దగ్గరికే వస్తాయి. తల్లి కృష్ణమ్మా ఇదే పని చేసి పోయింది.

యార్డులో బతుకులు గడిపినవాళ్లను గోడ మీద బొమ్మలుగా వేయించాలని ఈ ఏడు మార్కెట్ వాళ్లు అనుకున్నారు. గోడ మీదికి హమాలీలు వచ్చారు, ఎడ్లబండ్లు వచ్చాయి. మధ్యలో నిలువెత్తు కృష్ణమ్మ. ఆమె కూలి కార్డు మీది వేలెడంత ఫొటోను మైసమ్మే ఇచ్చింది. ఇంకో ఫొటో లేదు.

ముఖం అచ్చం ఆమెదేనట. బొమ్మలో చేతులెత్తి చాట వంచింది. కొంగు వెనక్కి అందంగా ఎగురుతోంది. తాలు కూడా అటే, సరిగ్గా ఆమె కళ్ల మీదికి.

"అవ్వను గాలి కిష్టమ్మ అనేటోళ్లు. పిడికెడు దుమ్ము తీసి ఇడిసేది. అది ఎటు పోతే అటు మొకం పెట్టి నిలబడేది. ఈడి ముసలోళ్లందరికి పని నేర్పింది ఆమెనే. ఎల్లుండి గోడకు రిబ్బన్ కత్తిరిస్తరు, అందరొస్తరు. అనసూయక్క ఊకుంటదా? 'మాకు నేర్పి నువ్వు మర్సిపోయినవా కిష్టమ్మా' అని బొమ్మతోనే కొట్లాడుతది."

పెయింటర్ గణేష్‌ది కోదాడ. నిన్ననే అతనికి చెప్పి చూసిందట. అతని గొంతు పెట్టి చెప్పింది: "'గాలి వెనక నుంచి కొడితే కొంగొచ్చి మొహం మీద పడుద్ది పిన్నీ. మొహం కనపడకపోతే ఎవరి బొమ్మనుకుంటారు?' అన్నడు. నాలుగు తిట్టి వచ్చిన."

ఈ పొద్దున కుప్ప దగ్గర నిలబడి, రోజూలాగే కొంగు నడుముకు చెక్కుకుంటుంటే మైసమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయిందట.

"కొంగు ఇడిసి తూర్పార పట్టిన ఆడది ఈ యార్డుల ఉన్నదా? ముప్పై ఏండ్ల సంది చెక్కుకుంటున్న, నిన్న గీ ముచ్చట యాదికి రాలే సూడు!" అంటూ తనను చూసి తానే నవ్వుకుంది.

సాయంత్రానికి పెయింటర్ ఎక్కడానికి గోడ ముందు కట్టిన కర్రలు విప్పేస్తారు. షెడ్డులోంచి ఎవరో కేకేశారు: "మైసమ్మా, గాలి లేసింది! వస్తవా, రావా?"

"వస్తున్న, ఆగు! గాలి నీ ఒక్కనికే లేసిందా?" అని బదులిచ్చి, నావైపు తిరిగింది. "బిడ్డా, గణేష్ గా హోటల్ల చాయ్ తాగుతున్నడు. నేను పోతే మళ్ల లొల్లి అయితది. జర నువ్వు పో. కొంగు నడుముకు చెక్కుమను, తాలు ముందటి దిక్కు తిప్పుమను."

నాలుగడుగులు వేసి ఆగింది.

"మొకం మాత్రం ముట్టొద్దని చెప్పు. గది మంచిగ కుదిరింది."