ఎర్ర పెన్సిలు పెట్టిన పేర్లు

వారపత్రికకి వచ్చే కథల్ని వడపోసే సబ్‌ఎడిటర్ చెవి వెనక ఇరవై ఏళ్లుగా ఎర్ర పెన్సిలే. కథలో అరిగిపోయిన ఎత్తుగడ కనబడితే చాలు, దానికో పేరు పెట్టి, అంచున గీకి, తిప్పి పంపేస్తాడు. నాయిక దగ్గితే ‘మూడో పేజీలో పోతుంది’. కవలలు విడిపోతే ‘పుట్టుమచ్చ పుణ్యం’. భార్యని మరిచిపోయిన భర్త కథ మీద మొన్న ‘మతిమరుపు మొగుడు, నూటపదోసారి’ అని గీకాడు. ఇవాళ ఆ కథ రాసినావిడ భర్త చెయ్యి పట్టుకుని ఆఫీసుకొచ్చి, కాగితాలు బల్ల మీద పెట్టింది. “మీరన్నది నిజమేనండీ, పాతదే. మా ఆయనకి మాత్రం రోజూ కొత్త,” అంది. ఆ భర్త ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివి, “ఎవరమ్మా పాపం, ఈ మొగుడు?” అని ఆవిణ్ణే అడిగాడు. సబ్‌ఎడిటర్ తలెత్తలేక, రబ్బరు కోసం సొరుగులన్నీ తిరగేశాడు. ఇన్నేళ్లలో ఒక్కటీ కొన్న గుర్తు లేదు.