మేకలవాళ్ళకు పంచిన గుట్ట

2022 ఎండాకాలం. చెన్నైకి ఉత్తరాన మాధవరంలో నాకు మొక్కల నర్సరీ ఉంది. ఒక్క రోజా కుండీకి గంటసేపు బేరమాడేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు మాత్రం కుర్చీ వేసి మరీ మాట్లాడతాను.

ధనమ్మ అలా వచ్చిన మనిషే. ఊత్తుకోట దాటాక ఒక పల్లెలో మహిళా సంఘానికి పెద్ద. వాళ్ళ ఊరి ఉమ్మడి గుట్ట వానలకు కోసుకుపోయి రాళ్ళు తేలింది. వచ్చే వానాకాలం ముగిసేసరికి దాని మీద చెట్లు నిలబడకపోతే గ్రావెల్ తవ్వకానికి ఇచ్చేస్తామని పంచాయతీవాళ్ళు చెప్పేశారు. కిందటేడు నా దగ్గర కొన్న చింత, ఉసిరి, నేరేడు ఏమయ్యాయని అడిగాను.

"యాడన్నా మిగిలింది? అంతా మునెయ్య మేకలు మేసేసినాయి."

"ముళ్ళకంచె వేయించమ్మా."

"కంచె ఎవురికని ఏసేది? ఆయనా మా ఊరాయనే గదా. ఆ గుట్ట లేకపోతే మేకల్ని యాడికి తోలుకుపోతాడు, పావం."

"మరేం చేస్తావు?"

"ఈసారి సగం అవిశ, సుబాబుల్ ఇయ్యి. మేకలుండే ఇండ్లకు వరసలు పంచేస్తాం. ఆకు కోసుకునేది వాళ్ళే. మేక మాత్రం గుట్ట ఎక్కరాదు. సరియా?"

రెండూ మేకలు ఇష్టంగా మేసే ఆకు చెట్లే కాబట్టి, మేకలకు విందు పెడుతున్నావని వేళాకోళమాడాను. ఆమె నవ్వలేదు. హార్డెనింగ్ చేసిన మొక్కలే కావాలని పట్టుబట్టింది. నీడలో పెరిగిన మొక్కను నాటేముందు మెల్లగా ఎండకు అలవాటు చేయడాన్ని మేము అలా అంటాం.

వానలు తగ్గాక గ్యాప్ ఫిల్లింగ్‌కు, అంటే చచ్చిన మొక్కల చోట కొత్తవి నాటడానికి, వ్యాన్ నిండా మొక్కలు వేసుకుని వెళ్ళాను. గుట్ట మొదట్లోనే ఒకాయన కర్ర అడ్డం పెట్టాడు.

"ఈ పక్క తొక్కొద్దు సామీ, అవిశ మొక్కలుండాయి. ఆ పక్కగా రా."

ఆయనే మునెయ్య అని ధనమ్మ చెప్పింది. ఆకు కోతకు వచ్చేదాకా ఆయన మేకలకు సంఘంలోని ఆడవాళ్ళు తమ చేలగట్ల గడ్డి కోసి ఇస్తున్నారట. ఎదుటివాడి కడుపు గురించి ఇంతగా ఆలోచించి చెట్లు నాటినవాళ్ళను నేనెక్కడా చూడలేదు.

పంచాయతీవాళ్ళు వచ్చి చూసి, గుట్టను సంఘానికే వదిలేశారు. గుట్ట మీద చచ్చిన మొక్కలు ఏవో కొన్నే కాబట్టి, నేను తీసుకెళ్ళినవి దాదాపు అన్నీ వెనక్కి వచ్చాయి. సరుకు అమ్ముడుపోనందుకు సంతోషించింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు ఏ ఊరివాళ్ళు మొక్కల కోసం వచ్చినా, మట్టి ఎలాంటిదని తర్వాత అడుగుతాను. ముందు, ఆ ఊళ్ళో మేకలు ఎవరివో, వాళ్ళకు ఏ వరస ఇస్తున్నారో అడుగుతాను.