బెంచీ మీద కలిసిన గీతలు

మా పదో తరగతి వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి ఎన్నిసార్లు ఎత్తినా ఒక్కరూ పలకరు (పుట్టినరోజు కేకులకు మాత్రం చప్పట్లే చప్పట్లు). అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజుల్లో బీదర్ మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. గ్రాఫు కాగితం మీద గీత గీస్తుంటే అది కిటికీలోంచి జారి, ఎర్రమట్టి చేల మీదుగా ఎక్కడికో పోతున్నట్టుండేది నాకు.

లెక్కల సార్‌ది తెలంగాణ సరిహద్దులోని చింతకి ఊరు, బడి కన్నడ మీడియమైనా మాతో తెలుగే మాట్లాడేవాడు. "స్కేలు మార్చినోని చెయ్యి విరగ్గొడ్త! ఒక్క అంకెకు ఒక్కటే సెంటీమీటరు!" అని ఏడాదంతా బెదిరించింది ఆయనే. అర్ధ సంవత్సర పరీక్షలో రెండు సమీకరణాలిచ్చి, వాటి గీతలు ఎక్కడ కలుస్తాయో చూపమన్నారు. లెక్కల్లో తప్పినవాళ్లను సముద్రం చూపించే టూరుకు తీసుకుపోయేది లేదని ముందే చెప్పారు. మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లు లేరు. నేను సార్ మాట తప్పకుండా సెంటీమీటరు చొప్పునే గీశాను. గీతలు దగ్గరకొస్తూ వస్తూ ఉండగానే కాగితం అయిపోయింది. ఏం చేయను? అలాగే బెంచీ మీదికి పొడిగించాను. రెండు వేళ్ల అవతల, ఎక్స్ పన్నెండు, వై ఎనిమిది దగ్గర, ముచ్చటగా కలిశాయి. 'మిగతాది బెంచీ మీద చూడగలరు' అని జవాబులో రాశాను (కన్నడంలో, ఎంతో మర్యాదగా).

సున్నా వచ్చింది. దాంతో లెక్కలు తప్పాను. నేనూ, పక్కన కూర్చునే బక్కోడూ ఆ బెంచీని స్టాఫ్‌రూముకు మోసుకుపోయాం.

"ఏందిరా ఇది?" అన్నాడు సార్.

"జవాబు సార్."

"కాగితం మీద కలవకుంటె కలవనట్టే."

"కలిసినయ్ సార్, చూడుండ్రి!"

"గట్లయితె బెంచీని గూడ దారంతోని పేపరుకు కట్టియ్యకపోతివి?"

గదంతా నవ్వింది. సార్ చాయ్ గ్లాసును సరిగ్గా ఆ బిందువు మీదే పెట్టాడు. తాగాక తడిని డస్టరుతో గట్టిగా తుడిచి, "ఇప్పుడు చూపియ్యి, ఏడ కలిసినయ్?" అన్నాడు.

టూరు బస్సు నేను లేకుండానే పోయింది. తిరిగొచ్చిన బక్కోడు, "సముద్రం చివర్న ఆకాశం అంటుకున్నట్టే ఉంటదిరా" అన్నాడు. "అంటుకుంటదా, అంటుకున్నట్టు ఉంటదా?" అని నిలదీశాను.

నిరుడు నేనే సముద్రానికి పోయాను. అందరూ నీళ్లలో ఆడుతుంటే, పొద్దుగూకేదాకా ఇసుకలో కూర్చుని ఆ దూరపు గీతనే చూశాను. జుట్టు నెరిసిన మనిషిని, ఇంకా పదో తరగతి పరీక్ష రాస్తున్నానే అని నాకే నవ్వొచ్చింది. కోపం మాత్రం పోలేదు. సార్, మీరు బీదర్ పక్కనే నౌబాద్‌లో హాయిగా ఉన్నారు, ఆ గ్రూపులోనూ ఉన్నారు. నా ప్రశ్న చదివారని నీలి గుర్తులు చెబుతున్నాయి. ఇప్పుడు మార్కులేమీ వేయక్కర్లేదు. కలిశాయా లేదా, ఆ ఒక్క మాట చెప్పండి.