కళ్ళద్దాలాయన తలనొప్పి

కళ్ళద్దాలాయనకున్న జబ్బు నిజానికి ఆయనది కాదు. ఒక లెక్కల మాస్టారి దగ్గర అరువు తెచ్చుకున్నది.

ఆయన పనిచేసేది బజారు మలుపులో ఉన్న కళ్ళద్దాల దుకాణంలో. వచ్చినవాళ్ళను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదివించడం, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగడం, తర్వాత వెనక గదిలో ఆ అద్దాన్ని అరగదీసి ఫ్రేములో బిగించడం ఆయన పని. ఒకరోజు ఆ కుర్చీలో కూర్చున్న మాస్టారు తన గోడు వెళ్ళబోసుకున్నాడు. తలలో ఒక పక్కే నొప్పి, వెలుతురు చూడలేడు, చప్పుడు భరించలేడు, చీకటి గదిలో పడుకోవడం తప్ప దారి లేదు. డాక్టర్లు చూసినా పైకి ఏమీ కనబడదట. దాన్ని మైగ్రేన్ అంటారట. కళ్ళద్దాలాయన చెవులు రిక్కించి విన్నాడు. ఎంత జాలిగుండె అనుకున్నాడు మాస్టారు. పైకి ఏమీ కనబడదన్న మాట దగ్గర ఈయనకు ప్రాణం లేచొచ్చిందని ఆయనకేం తెలుసు?

ఆ ఆదివారం బావమరిది ఇల్లు మారుతున్నాడు. మూడో అంతస్తు నుంచి ఇనుప బీరువా దించాలి. ఇలాంటివి తప్పించుకోవడానికి కళ్ళద్దాలాయన అంతకుముందు చాలా జబ్బులు వాడి చూశాడు. జ్వరమంటే నోట్లో థర్మామీటరు పెట్టారు. కడుపునొప్పంటే పథ్యం పెట్టారు, దానికన్నా బీరువా మోయడమే నయం. తలనొప్పికి మాత్రం తల తప్ప వేరే సాక్షి లేదు, ఆ సాక్షి ఆయన చెప్పుచేతల్లోనే ఉంది. బీరువా దిగింది, ఈయన దుప్పట్లోంచి దిగలేదు.

అబద్ధమాడినా అతికినట్టుండాలి అన్నారు. ఆ మాటను ఆయన పాటించినంత శ్రద్ధగా ఇంకెవరూ పాటించి ఉండరు. నొప్పి ఎప్పుడూ ఎడమవైపే. కొత్త రంగు వాసన తగిలితే వస్తుంది, ఎందుకంటే తోడల్లుడు ఇంటికి రంగులు వేయిస్తూ సాయానికి రమ్మన్నాడు. అపార్టుమెంటు మీటింగులంటే వస్తుంది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను పలకరించడానికి వెళ్ళాలంటే తప్పకుండా వస్తుంది. విందు భోజనాలున్న చోటికి బయల్దేరేటప్పుడు మాత్రం, దేవుడి దయవల్ల, ఒక్కసారీ రాలేదు. కర్టెన్లు వేసి, వేడి కాఫీ ఇచ్చి, కాసేపు వదిలేస్తే మొహం కడుక్కుని నవ్వుతూ లేచొస్తాడు.

ఆయన భార్య పిచ్చి మాలోకం. ఇదంతా నమ్మడమే కాదు, మెట్ల మీద కనబడినవాళ్ళకల్లా చెప్పింది. చెప్పగా చెప్పగా ఆవిడే మైగ్రేన్ మీద పెద్ద పండితురాలైంది. ఎడమవైపు వస్తే అసలుది, కాఫీకి లొంగుతుంది, మనిషికి ఆకలి చావదు. ఆవిడ శాస్త్రమంతా ఇదే. ఆ శాస్త్రం రాసిన మహానుభావుడు పక్క గదిలో దుప్పటి కింద ఫోను చూసుకుంటూ ఉండేవాడు.

ఇంతలో కొడుక్కి పెళ్ళయింది, కోడలు వచ్చింది. ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తి సమాధానం చెప్పే ఉద్యోగం ఆ పిల్లది, మాట నెమ్మది. కాపురానికొచ్చిన కొన్ని నెలలకు, బావమరిది కుటుంబమంతా భోజనానికొచ్చిన రోజున, కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టి వంటింటి గోడకు జారగిలబడింది.

"అత్తయ్యా, నాకు మైగ్రేన్ వచ్చింది. కాసేపు పడుకుంటాను."

అత్తగారు కంగారుపడలేదు. తెలిసిన సబ్జెక్టేగా. "ఏ వైపు?" అంది.

"కుడివైపు."

"కుడివైపు రాదే." అయినా ఆవిడ ధర్మంగా కాఫీ కలిపిచ్చింది. కోడలు ఒక గుటక వేసి బాత్‌రూమ్‌కి పరుగెత్తింది. లోపల్నుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు, వెంటనే ఏడుపు వినిపించాయి.

"మీ మామయ్య ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా వాంతి చేసుకున్నారా?" అంది అత్తగారు తలుపు బయట నిలబడి. "గంటలో లేచి కూర్చుంటారు. పెద్దాయనే అలా ఓర్చుకుంటుంటే, వయసులో ఉన్నదానివి నీకేమొచ్చింది?"

కొడుకు కూడా వచ్చి, "నాన్న ఎప్పుడూ ఏడవలేదు కదా," అన్నాడు మెల్లగా. కట్టుకున్నవాడి ఓదార్పు అంతవరకే వచ్చింది.

కోడలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట మిక్సీ తిరుగుతోంది, టీవీ మోగుతోంది, బావమరిది పిల్లలు హాల్లో బంతి కొడుతున్నారు. పనికి బద్ధకించి నాటకమాడుతోందన్న అనుమానం వంటింట్లో పుట్టి సోఫా దాకా వచ్చింది. చివరికి అత్తగారు కళ్ళద్దాలాయన దగ్గరికొచ్చి, "ఏమండీ, మీరొకసారి చూసి చెప్పండి. అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది," అంది.

ఆయన వెళ్ళాడు. గదిలో ఆ పిల్ల మంచం మీద లేదు. చల్లదనం కోసం చెంప నేలకు ఆనించి పడుకుంది. చున్నీతో తల బిగించి కట్టుకుంది, పక్కన బకెట్టు ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన చెప్పుల చప్పుడుకే ఒళ్ళు ముడుచుకుంది. ఆయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ తను వేసిన వేషం దేనిదో ఆయనకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా భయమేసింది.

బయటికొచ్చేసరికి అందరూ తీర్పు కోసం చూస్తున్నారు. భార్య గరిటెతో నిలబడింది. నిజమేనంటే, మరి మీదెందుకు ఇలా ఉండదని అడుగుతారు. అబద్ధమంటే ఆ పిల్ల బతుకు ఈ ఇంట్లో బుగ్గి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్పేసే దారి మధ్యలో ఒకటుంది గానీ, ఆ దారిన నడిచే అలవాటు ఆయనకు లేదు. ఆయన ఎడమచెయ్యి దానంతటదే ఎడమ కణత మీదికి వెళ్ళింది.

"అయ్యయ్యో, మీక్కూడానా?" అంది భార్య.

క్షణంలో ఇల్లంతా మారిపోయింది. మిక్సీ ఆగింది. టీవీ కట్టేశారు. బంతి లాక్కుని పిల్లల్ని మేడమీదికి తోలారు. కర్టెన్లు మూసుకున్నాయి. బావమరిది దగ్గొస్తే వరండాలోకి వెళ్ళి దగ్గాడు. ఆ నిశ్శబ్దంలో పక్క గదిలో కోడలికి నిద్ర పట్టింది. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో పొద్దుటి నుంచీ అందుబాటులోనే ఉంది. మగాడి అబద్ధానికి దొరికింది, ఆడపిల్ల నిజానికి దొరకలేదు. ఒళ్ళు మండదూ?

సాయంత్రం కోడలు మంచినీళ్ళ గ్లాసుతో ఆయన గదిలోకొచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"మామయ్యా, మీకు మైగ్రేన్ లేదు."

ఆయన మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. "అదేంటమ్మా అలా అంటావు."

"పోయినసారి మీరు పడుకున్నప్పుడు ఉల్లిపాయలు వేయించాను. మీరు తలుపు తీసి, ఏం చేస్తున్నావమ్మా, ఘుమఘుమలాడుతోందన్నారు. ఇది ఉన్నవాళ్ళు ఆ వాసనకు చచ్చిపోతారు మామయ్యా."

ఆయన గ్లాసు తీసుకుని నీళ్ళన్నీ తాగాడు. తాగడం అయిపోయాక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు. "మీ అత్తయ్యకి చెప్తావా?"

"చెప్తే మీది అబద్ధమని తేలుతుంది. నాది నిజమని తేలదుగా. ఇద్దరం నాటకాలరాయుళ్ళమే అనుకుంటారు." ఆ పిల్ల కోపంగా కాదు, ఆఫీసులో ఫోనులో చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. "నాకొచ్చినప్పుడు మీకు కూడా రావాలి. నేను వచ్చి, మామయ్యా తల ఎలా ఉంది అని అడుగుతాను. మీరు పడుకోండి. అంతే."

బతుకుజీవుడా అని ఆయన ఒప్పుకున్నాడు. పడుకోవడమేగా, ఇన్నేళ్ళూ చేసింది అదేగా అనుకున్నాడు.

అది ఎంత పెద్ద ఉద్యోగమో తర్వాత తెలిసింది. కోడలి నొప్పికి వేళాపాళా లేదు. ఆయన క్రికెట్ మ్యాచి చివరి ఓవర్లలో ఉండగా వచ్చేది, వేడి అన్నంలో చెయ్యి పెట్టబోతుంటే వచ్చేది. పైగా భార్య బెదిరిపోయింది. "ఈమధ్య మరీ తరచుగా వస్తోంది. ఇంకా పెరిగితే తల స్కానింగు తీయించాల్సిందే," అంది. దాంతో సొంత అవసరాలకు తలనొప్పి వాడుకోవడం ఆయన మానేయాల్సి వచ్చింది. ఉన్నవన్నీ కోడలికే సరిపోవాలి. అపార్టుమెంటు మీటింగుల్లో కూర్చున్నాడు, నీళ్ళ ట్యాంకు గురించి మాట్లాడాడు కూడా. ఆసుపత్రులకు పళ్ళు పట్టుకెళ్ళాడు. బావమరిది మళ్ళీ ఇల్లు మారితే అదే బీరువాకు ఒక మూల భుజం పెట్టాడు.

అలా ఉండగా దుకాణం యజమాని, ఎన్నడూ లేనిది, పనివాళ్ళందర్నీ బస్సులో సముద్రం చూపించడానికి తీసుకెళ్తానన్నాడు. కళ్ళద్దాలాయన సముద్రం చూసి ఎరగడు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, అందరికన్నా ముందు తయారయ్యాడు. కింద బస్సు హారన్ మోగింది.

కోడలు గుమ్మం పట్టుకుని నిలబడింది. పెదవులు పాలిపోయాయి.

"మామయ్యా, తల ఎలా ఉంది?"

ఆయన ఆమె మొహంకేసి చూడలేదు. "బాగానే ఉందమ్మా. బస్సు వచ్చేసింది."

కోడలు బతిమాలలేదు. "సరే, జాగ్రత్తగా వెళ్ళిరండి," అని వంటింటివైపు నడిచింది.

ఆయన మెట్లు దిగడం మొదలుపెట్టాడు. పైన మిక్సీ తిరిగింది. "ఆ డబ్బా అందుకోమంటే అలా గోడకు అతుక్కుపోతావేం? మళ్ళీ మొదలా?" అన్న భార్య గొంతు మెట్ల మీదికి వినిపించింది. కింద తోటి పనివాడు పేరు పెట్టి కేక వేశాడు. కళ్ళద్దాలాయన కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడి, ఆ యజమానిని, సముద్రాన్ని, ఆ లెక్కల మాస్టారిని వరసపెట్టి తిట్టుకున్నాడు. తర్వాత వెనక్కి ఎక్కి, గుమ్మంలో కూలబడి, బూట్లు విప్పాడు.

"ఏమే, వచ్చేసింది," అన్నాడు.

మిక్సీ ఆగింది. ఆవిడ పరుగున వచ్చి ఆయన్ని నడిపించుకెళ్ళి పడుకోబెట్టింది, కర్టెన్లు లాగింది, కళ్ళొత్తుకుంది. బయటికొచ్చి కోడలితో గొంతు తగ్గించి అంది:

"చూశావా, సముద్రానికి బయల్దేరిన మనిషి. కిక్కురుమనకుండా ఎలా ఓర్చుకుంటున్నారో. ఆయన్ని చూసి నేర్చుకో. వెళ్ళు, నువ్వు కూడా పోయి పడుకో. ఇంట్లో తిరుగుతూ చప్పుడు చేశావంటే ఆయన ప్రాణం పోతుంది."

"అలాగే అత్తయ్యా," అని కోడలు గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది.